39 లక్షల అప్పు, తొందరపడి వేసిన ఐపీ: ఒక కేస్ స్టడీ

కోర్టు భాషలో ‘ఐపీ పెట్టాడు’ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్ వేశాడని. ఊళ్లో అదే మాటకు చేతులెత్తేసి అప్పులన్నీ ఎగ్గొట్టాడని అర్థం. అప్పులిచ్చినవాళ్లు రెండో అర్థానికి భయపడతారు, అప్పుపడినవాడు అదే అర్థాన్ని నమ్ముకుని పిటిషన్ మీద సంతకం పెడతాడు. ఈ కేసులో జరిగిన నష్టంలో పెద్ద భాగం అక్కడ మొదలైంది. గుర్తుపట్టే వివరాలు మార్చాం, మొత్తాలు దగ్గరి అంకెలకు సరిచేశాం.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండల కేంద్రం. క్లయింట్ పదకొండేళ్లు రెడీమేడ్ దుస్తుల దుకాణం నడిపి మూసేశాడు. ఇప్పుడు వేరే షాపులో సూపర్‌వైజర్, జీతం 22,000. భార్య కుట్టుపని మీద 6,000 వరకు తెస్తుంది. ఇంటి ఖర్చు 19,500. అంటే నెలకు మిగిలేది 8,500.

అప్పులు ఇవి. ఇంటి పత్రాలు డిపాజిట్ చేసి బ్యాంకులో తీసుకున్న లోను 11.4 లక్షలు. రెండు ఫైనాన్స్ కంపెనీల్లో హామీ లేని బిజినెస్ లోన్లు 6.2 లక్షలు. రెండు క్రెడిట్ కార్డులు 3.1 లక్షలు. తొమ్మిది మంది దగ్గర ప్రాంసరీ నోట్ల మీద అసలు 13.5 లక్షలు. పాట పాడుకున్న చీటీలో కట్టాల్సింది 2.8 లక్షలు, దానికి ఇద్దరు ష్యూరిటీలు. భార్య నగల మీద గోల్డ్ లోన్ 1.6 లక్షలు. నాలుగు లోన్ యాప్‌లలో 60,000. మొత్తం 39.2 లక్షలు.

నోట్ల మీద వడ్డీ నూటికి నెలకు సగటున రెండున్నర రూపాయలు. 13.5 లక్షలకు నెల వడ్డీ 33,750. ఇంటిల్లిపాది సంపాదన 28,000. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపిస్తే చాలు, ‘ఇంకొన్నాళ్లు ఓపిక పడితే తీరుస్తాను’ అనే మాటకు తావు ఉండదు.

ఆస్తులు: ఇల్లు, అమ్మితే 22 నుంచి 24 లక్షలు పలుకుతుంది. తండ్రి నుంచి వచ్చిన 90 సెంట్ల పొలం. తల్లి పేరున చిన్న ఖాళీ స్థలం ఉంది. అది క్లయింట్‌ది కాకపోయినా లెక్కలో ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందో తర్వాత తెలుస్తుంది.

మా దగ్గరకు వచ్చేసరికి

అప్పటికే ఐదు నెలల కిందట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద ఐపీ పడి ఉంది. ‘పిటిషన్ నంబరు పడితే ఎవరూ ఇంటికి రారు’ అని ఎవరో చెప్పారట. వచ్చారు. నోట్లవాళ్లలో ముగ్గురు, ముందే తీసి పెట్టుకున్న సంతకం చెక్కులు బ్యాంకులో వేసి, బౌన్సు చేయించి, సెక్షన్ 138 (చెక్కు బౌన్సు) కేసులు పెట్టారు. బ్యాంకు, కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని వేలం వేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం 13(2) కింద 60 రోజుల నోటీసు పంపింది. చీటీ కంపెనీ ష్యూరిటీల మీదకు వెళ్లింది. వాళ్లలో ఒకాయన క్లయింట్‌కు స్వయానా పెదనాన్న కొడుకు.

వీటిలో ఏ ఒక్కదాన్నీ ఐపీ ఆపలేదు, ఆపదు కూడా. చెక్కు కేసు క్రిమినల్ కేసు. ఇన్సాల్వెన్సీ కోర్టు 1920 చట్టం సెక్షన్ 31 కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వు సివిల్ అరెస్టు నుంచే కాపాడుతుంది. తాకట్టు ఉన్న బ్యాంకు హక్కును సెక్షన్ 28(6) ముట్టుకోదు. ష్యూరిటీల సంగతికొస్తే, క్లయింట్‌కు చివరికి డిశ్చార్జ్ (అప్పుల నుంచి విడుదల చేసే కోర్టు ఉత్తర్వు) వచ్చినా సెక్షన్ 44 ప్రకారం హామీదారుడి బాధ్యత అలాగే ఉంటుంది.

కొత్త దివాలా స్మృతి ఉంది కదా అని చాలామంది అడుగుతారు. 2016 నాటి ఆ స్మృతిలో వ్యక్తుల కోసం ఒక భాగం నిజంగానే ఉంది. ఏటా 60,000 లోపు ఆదాయం, 20,000 లోపు ఆస్తి, 35,000 లోపు అప్పు ఉన్నవాళ్లకు ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే మాఫీ ప్రక్రియ కూడా అందులో రాసి ఉంది. కానీ ఆ భాగం 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే. చిన్న వ్యాపారికి, ఉద్యోగికి ఇప్పటికీ 1920 చట్టమే గతి.

ఐపీ ఎక్కడ బెడిసింది

పిటిషన్ కాగితాలు తెప్పించి చూస్తే మూడు లోపాలు కనిపించాయి.

మొదటిది పొలం. పిటిషన్‌కు ఏడు నెలల ముందు 90 సెంట్లూ భార్య పేరున గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాశాడు. ఆస్తుల షెడ్యూల్లో అది లేదు. బదిలీ జరిగిన రెండేళ్లలోపు వేసిన పిటిషన్ మీద దివాలా ప్రకటన వస్తే, ప్రతిఫలం లేని అలాంటి బదిలీని సెక్షన్ 53 కింద రిసీవర్ (ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకు పంచడానికి కోర్టు పెట్టే వ్యక్తి) రద్దు చేయించవచ్చు. నోట్లవాళ్ల వకీలు చేయాల్సిందల్లా ఒక ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయడం. తీశాడు, కౌంటర్‌కు జత చేశాడు.

రెండోది బావమరిది. పిటిషన్‌కు 40 రోజుల ముందు అతనికి రెండు లక్షలు తీర్చాడు. మూడు నెలల లోపు ఒక అప్పులవాణ్ణి కావాలని ముందుకు తెచ్చి తీరిస్తే సెక్షన్ 54 దాన్ని మోసపూరిత పక్షపాతం అంటుంది. ఆ చెల్లింపు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పచ్చిగా కనబడుతోంది.

మూడోది అప్పులవాళ్ల జాబితా. దగ్గరివాళ్లు ఇద్దరిని నోటీసు వెళ్తే బాగుండదని వదిలేశాడు. మర్యాదకు పోయి చేసిన పనే, కానీ కోర్టు కళ్లకు అది దాపరికం. ఆస్తులు, అప్పులు దాస్తే సెక్షన్ 69 కింద ఏడాది వరకు జైలుశిక్ష పడే నేరమవుతుంది.

అప్పటికి దివాలా ప్రకటన రాలేదు కాబట్టి రెండు దారులున్నాయి: పిటిషన్‌ను సవరించి కొనసాగించడం, లేదా కోర్టు అనుమతితో వెనక్కి తీసుకోవడం. సెక్షన్ 14 ప్రకారం అనుమతి లేనిదే వెనక్కి తీసుకోవడానికి లేదు. సవరిస్తే గిఫ్ట్, బావమరిది చెల్లింపు రెండూ ఆ పిటిషన్‌కే అంటుకుని ఉంటాయి. ప్రతి వాయిదాలో క్లయింట్‌ను అబద్ధాలకోరుగానే నిలబెడతారు. పైగా ప్రకటన వచ్చిందంటే డిశ్చార్జ్ దాకా కొత్తగా సంక్రమించే ఆస్తి కూడా 28(4) కింద రిసీవర్ పరమవుతుంది. తల్లికి 78 ఏళ్లు, వీలునామా లేదు. ఆమెకు ఏమైనా అయితే స్థలంలో కొడుకు వాటా నేరుగా అప్పులవాళ్ల కుండలో పడుతుంది. అందుకే వెనక్కి తీసుకోవడమే మేలనిపించింది. కారణాలు దాచకుండా అఫిడవిట్‌లో రాశాం: పొలం వివరం ఇవ్వలేదు, అప్పులవాళ్లందరితో రాజీకి ప్రయత్నిస్తాం అని. ఖర్చులు కట్టించుకుని కోర్టు అనుమతించింది.

అంతకు ముందు చేసిన ప్రయత్నాలు

ఐపీకి ముందు క్లయింట్ ఒక ‘సెటిల్‌మెంట్’ సంస్థకు 60,000 ముందస్తు ఫీజు కట్టాడు. ఈఎంఐలు ఆపేయండి, ఫోన్లు మేం చూసుకుంటాం అన్నారు. ఈఎంఐలు ఆగాయి, ఫోన్లు ఆగలేదు. 90 రోజులు దాటగానే ఖాతాలు ఎన్‌పీఏ (మొండి బాకీలు) అయ్యాయి. అలా ఆపేయడం కొన్నిసార్లు సరైన నిర్ణయమే అవుతుంది, కానీ ఆగిన డబ్బు రాజీ కోసం ఎక్కడో ఒకచోట పోగవ్వాలి. ఇక్కడ అది నోట్ల వడ్డీకి పోయింది.

ఇల్లు నిలుపుకోవాలని పొలం ఒక్కటే అమ్మే ఆలోచనా చేశారు. 9.5 లక్షలు వస్తాయి. దానితో చెక్కు కేసులు, చీటీ తీరిస్తే మిగిలేది లక్షన్నర అటూ ఇటూ. బ్యాంకు ఈఎంఐ నెలకు 14,000, చేతిలో మిగిలేది 8,500. ఏడాది తిరక్కుండా ఇల్లు వేలానికి వస్తుంది, అప్పటికి పొలం ఉండదు. ఈ లెక్క క్లయింట్ భార్యకు మొదటిసారి చెప్పగానే అర్థమైంది. ఆయనకు మూడు సిట్టింగులు పట్టింది.

అప్పుల్ని మళ్లీ వరసపెట్టడం

చాలామంది వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చమంటారు. అప్పు మునగనంతవరకు అది మంచి సలహా. మునిగాక చూడాల్సింది, తీర్చకపోతే ఎవరు ఏం చేయగలరన్నది.

చెక్కు కేసుల ముగ్గురిది ముందు వరస. అసలు 5.5 లక్షలు. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా పడే అవకాశం ఉంది. విచారణ నడుస్తుండగానే 143ఎ కింద 20 శాతం వరకు మధ్యంతర పరిహారం కట్టమనవచ్చు. తర్వాత చీటీ, ఎందుకంటే ఆ భారం ఇతరుల మీద పడుతోంది. బ్యాంకుకు ఇల్లు ఉంది కాబట్టి తగ్గించే అవసరం దానికి లేదు. అక్కడ మనకు మిగిలింది గడువు మాత్రమే.

చెక్కుల్లేని నోట్లవాళ్లు ఆరుగురు, కంపెనీలు, కార్డులు చివరి వరస. దావా వేసి డిక్రీ తెచ్చుకుంటే వాళ్లు ఏం జప్తు చేయగలరు? సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు జప్తు కావు. 22,000 జీతానికి లెక్క ఇది: 21,000లో మూడో వంతు, నెలకు 7,000. ఒకే డిక్రీ కింద 24 నెలలకు మించి పట్టుకోవడానికి లేదు. పీఎఫ్, జీవిత బీమా సొమ్ము ముట్టరాదు. డబ్బు డిక్రీకి అరెస్టు కూడా, కట్టే స్తోమత ఉండి కట్టనప్పుడే. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) నోటీసు రాగానే వణికిపోయి కొత్త అప్పు చేసేవాళ్లకు ముందు చెప్పాల్సిన సంగతి ఇదే.

నోట్లన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూశాం. డిమాండ్ నోటుకు కాలపరిమితి రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఈలోపు వడ్డీ కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు. ఆరింటిలో 90,000 నోటు ఒకటి నాలుగేళ్ల కిందటిది, వెనక ఏమీ లేదు. ఆ అప్పు ఇచ్చినాయన ‘పాతది చింపేసి కొత్త నోటు రాసుకుందాం’ అని రెండుసార్లు వచ్చాడు. రాస్తే చచ్చిన అప్పు కొత్త మాట కింద బతుకుతుంది. రాయవద్దన్నాం. క్లయింట్ ఆయనకు ఏమీ ఇవ్వకుండా ఉండలేనన్నాడు. ఎంత ఇవ్వాలన్నది అతని ఇష్టం. సంతకం మాత్రం వద్దు.

పనిచేసిన దారి

ముందు పొలం. భార్య తిరిగి భర్త పేరున సెటిల్‌మెంట్ రిజిస్టర్ చేసింది. స్టాంపు ఖర్చు దండగ అని బంధువులు గొణిగారు. ఆమె నేరుగా అమ్మినా డబ్బు వస్తుంది కదా అన్నారు. కానీ ఆ బదిలీని ఎవరైనా సవాలు చేయవచ్చన్న అనుమానం ఉంటే కొనేవాడు రేటు తగ్గిస్తాడు, నోట్లవాళ్లు రాజీకి కూర్చోరు. పత్రం తిరిగి రాసిన కాపీ చూపించాకే చర్చల స్వరం మారింది. బావమరిది మాత్రం రెండు లక్షలు వెనక్కి ఇవ్వలేదు. కొత్తగా ఐపీ వేసినా మూడు నెలలు దాటిపోయాయి కాబట్టి సెక్షన్ 54 దాన్ని పట్టుకోదు. చట్టానికి దొరకని ఆ చెల్లింపు మాటల్లో మాత్రం ప్రతిసారీ దొరికింది. ‘మీ బామ్మర్దికి వంద పైసలు, మాకు డెబ్బయ్యా’ అని అడగనివాడు లేడు.

తర్వాత ఇల్లు. 13(2) నోటీసుకు 13(3ఎ) కింద అభ్యంతరం పంపాం. దానికి బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. అసలు ఉద్దేశం, ఇల్లు మేమే అమ్మి బాకీ మొత్తం కడతామని రాతపూర్వకంగా పెట్టి బ్రాంచి సహకారం తీసుకోవడం. వేలం ప్రకటన వెలువడితే 13(8) కింద విడిపించుకునే హక్కు పోతుంది కాబట్టి గడియారం చూసుకుంటూనే నడవాలి. కొనేవాళ్లు లోను మీద కొన్నారు. వాళ్ల బ్యాంకు డీడీ నేరుగా మన బ్యాంకు పేరున ఇచ్చింది. 22.5 లక్షల్లో బ్యాంకుకు 11.5 పోయి 11 లక్షలు చేతికొచ్చాయి. బాకీ తీరిన 30 రోజుల్లో పత్రాలు ఇవ్వకపోతే రోజుకు 5,000 చొప్పున పరిహారం కట్టాలన్న రిజర్వ్ బ్యాంకు 2023 నిబంధనను లేఖలో ముందే రాశాం. పత్రాలు 19వ రోజున వచ్చాయి.

ఇక్కడే ఒక దెబ్బ తగిలింది. ఇల్లు బేరం కుదిరిందని తెలిసి నోట్లవాళ్లలో ఒకడు 1.2 లక్షల అసలుకు దావా వేసి, ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందే ఇంటిని జప్తు చేయించాడు. రిజిస్ట్రేషన్ వారం ఉందనగా. కొనేవాళ్లు వెనక్కి తగ్గేలా ఉన్నారు. వాదించి జప్తు ఎత్తించడానికి వారాలు పడుతుంది. 1.7 లక్షలు కోర్టులో డిపాజిట్ చేసి ఎత్తించాం. చివరికి అతనికి దాదాపు మొత్తం ముట్టింది. పద్ధతిగా కూర్చున్న ఐదుగురికంటే అతనే బాగుపడ్డాడన్నది నిజం. అడ్వాన్సు తీసుకునే ముందే ఆరుగురితోనూ రాతపూర్వక ఒప్పందం చేసుకుని ఉంటే ఇది తప్పేది. బేరం బయటికి పొక్కదనుకోవడం మా అంచనా లోపం.

పొలం అమ్మిన 9.5 లక్షలు కలిపితే కుండలో మొత్తం 20.5 లక్షలు. రాజీకి ముందు ప్రతి ఒక్కరి ముందూ ఒక కాగితం పెట్టాం: ఇప్పుడు మళ్లీ సక్రమంగా ఐపీ వేస్తే ఏమవుతుంది? రిసీవర్ వేలంలో ఇల్లు, పొలం కలిపి తాకట్టు పోను 16 లక్షలు దాటవు. హామీ లేని అప్పులు వడ్డీతో కలిపి 29 లక్షలు. రూపాయికి 55 పైసలు, ఖర్చులు పోతే ఇంకా తక్కువ, అదీ ఏళ్ల తర్వాత. ఈ లెక్కకు ఇంకో ఉపయోగం ఉంది. ఆస్తులు రూపాయికి 50 పైసలకు సరిపోకపోతే, అది తన తప్పు కాదని నిరూపిస్తే తప్ప, సెక్షన్ 42 కింద పూర్తి డిశ్చార్జ్ దొరకదు. ఇక్కడ సరిపోతుంది. అంటే రెండో ఐపీ ఉత్త బెదిరింపు కాదు, నిజంగా వేయగలిగిన పిటిషన్. అప్పులవాళ్ల వకీళ్లకు ఆ సంగతి తెలుసు.

చెక్కు కేసులు ముగ్గురితో 5 లక్షలకు లోక్ అదాలత్‌లో ముగిశాయి. లోక్ అదాలత్ అవార్డు సివిల్ డిక్రీతో సమానం, అప్పీలు లేదు. తర్వాత వాయిదా తప్పినా అమలు డిక్రీలాగే జరుగుతుంది తప్ప పాత క్రిమినల్ కేసు తిరిగి లేవదు. అందుకే అవతలివాళ్లు డబ్బు మొత్తం అదే రోజు కావాలంటారు, అది న్యాయమే. ఐదుగురు నోట్లవాళ్లు 6.8 లక్షల అసలుకు 4.7 లక్షలు, మండల న్యాయ సేవా కమిటీ దగ్గర ప్రీ లిటిగేషన్ (దావా పడకముందు రాజీ) కేసులుగా ముగించారు. దానికి కోర్టు ఫీజు లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు, న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే చెబుతారు. నోట్ల ఒరిజినల్స్ చేతికి తీసుకుని, పూర్తి చెల్లు రాయించుకున్నాకే డబ్బు కదిలింది.

చీటీ 2.8 లక్షలు పూర్తిగా కట్టాం. ఫైనాన్స్ కంపెనీలు 3.3 లక్షలకు, కార్డులు 1.5 లక్షలకు ఒప్పుకున్నాయి. ఇక్కడ ఒకటే జాగ్రత్త: కంపెనీ లెటర్‌హెడ్ మీద లోన్ నంబరు, మొత్తం, గడువు, మిగతాది మాఫీ అన్న వాక్యం ఉన్న లేఖ రాకుండా రూపాయి కట్టొద్దు. కట్టేది లోన్ ఖాతాలోకే, ఏజెంటు యూపీఐకి కాదు. ఒక ఏజెంటు ‘ఇవాళ సాయంత్రం దాకే ఆఫర్’ అని నాలుగు వారాలు వరసగా చెప్పాడు. రాత్రి తొమ్మిదికి ఫోన్లు చేసినవాళ్లకు, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయరాదన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఉటంకిస్తూ ఫిర్యాదు రాశాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు వెళ్తామన్నాం, అవసరం పడలేదు. క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుందని, కొన్నేళ్లు కొత్త లోను కష్టమని ముందే చెప్పాం. ఆయన నవ్వి అదే మంచిదన్నాడు.

యాప్‌లలో రెండింటి వెనక రిజిస్టరైన ఫైనాన్స్ సంస్థ ఉంది, వాటికి 35,000 కట్టి ముగించాం. మిగతా రెండింటి వెనక ఎవరూ లేరు. కాంటాక్టులకు ఫొటోలు పంపుతామన్న మెసేజీల స్క్రీన్‌షాట్లతో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు వెళ్లింది.

మొత్తం ఖర్చు 19.35 లక్షలు. మిగిలిన 1.15 లక్షలు అద్దె ఇంటి అడ్వాన్సుకు, కోర్టు ఖర్చులకు, స్టాంపులకు సరిపోయాయి. గోల్డ్ లోన్‌కు ఏమీ మిగల్లేదు. భార్య నగల్లో కొన్ని అమ్మి మిగతావి విడిపించుకుంది. అవి ఆమె సొంత నగలు. భర్త అప్పుల కుండలో వేయమని ఎవరూ అడగలేరు, మేమూ అడగలేదు.

ఇలాంటి కేసు వస్తే మొదటి రోజు అడగాల్సినవి

గత రెండేళ్లలో ఎవరి పేరునైనా ఏమైనా రాశారా? గత మూడు నెలల్లో ఎవరికి తీర్చారు? సంతకం చెక్కులు ఎవరెవరి దగ్గరున్నాయి, నంబర్లేమిటి? మీ అప్పుకు ఎవరు హామీ ఉన్నారు, మీరు ఎవరికి హామీ ఉన్నారు? తల్లిదండ్రుల పేరున ఏముంది? ఆస్తి, అప్పు మొత్తాలు వీటి తర్వాతే. ఈసీ, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, ప్రతి నోటు రెండు వైపులా జిరాక్స్ చూడకుండా ఐపీ డ్రాఫ్ట్ మొదలుపెట్టకూడదు. ఆస్తి లేక, చెక్కులు ఇవ్వక, జీతం మీద బతికేవాడికి ఐపీ ఇప్పటికీ సరైన దారి కావచ్చు. అప్పుడు కూడా ప్రకటన రాగానే పని అయిపోదు. సెక్షన్ 27 కింద కోర్టు ఇచ్చిన గడువులో డిశ్చార్జ్‌కు దరఖాస్తు వేయాలి. వేయకపోతే 43 కింద ప్రకటనే రద్దయి, అప్పులవాళ్లు మళ్లీ మొదటికొస్తారు. డైరీలో రాసుకోవాల్సిన తేదీ అదే, ఎక్కువగా మరిచిపోయేదీ అదే.

ఈ ఫైలులో ఇంకా మూయని కాగితం ఒకటుంది. నోట్లవాళ్లలో ఒకరి దగ్గర సెక్యూరిటీగా ఇచ్చిన ఖాళీ చెక్కు దొరకలేదు, ఎక్కడో పోయిందంటున్నాడు. చెక్కు నంబరు వేసి, బాకీ మొత్తం ముట్టిందని, చెక్కు దొరికినా చెల్లదని అతనితో రసీదు రాయించి, బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టించాం. రసీదు ఒరిజినల్ క్లయింట్ దగ్గర, జిరాక్స్ ఫైలులో ఉన్నాయి.